పెరుగు గిన్నెకు కాపలా ఎవరు?

రాత్రి కాచిన పాలను రెండు గిన్నెల్లో పోయండి. గోరువెచ్చగా ఉండగానే ఒకదానిలో చెంచాడు తోడు వేయండి. రెండోదాన్ని అలాగే వదిలేయండి. ఎండాకాలంలో మర్నాటి సాయంత్రానికి రెండో గిన్నెలో పాలు విరిగి వాసన కొడతాయి. మొదటి గిన్నెలో పెరుగు కాస్త పులిసినా అన్నంలోకి పనికొస్తుంది. పాలు అవే, వంటిల్లు అదే. మరి ఈ తేడా ఎందుకు?

పాలు కాచినా కొన్ని బాక్టీరియాల సిద్ధబీజాలు (స్పోర్లు) చావవు. పాలు చల్లారాక అవి మొలకెత్తుతాయి. గాలి నుంచి, గరిటె నుంచి ఇంకొన్ని చేరతాయి. తోడు వేసిన గిన్నెలో మాత్రం అవి లేచేలోపే కోట్లాది లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పాలలోని చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతాయి. పీహెచ్ 6.6 నుంచి దాదాపు 4.5కి దిగుతుంది. ఆ ఆమ్లం శత్రు కణంలోకి దూరి లోపల పులుపు పెంచుతుంది. దాన్ని బయటికి తోడిపోయడానికే ఆ కణం శక్తంతా ఖర్చయిపోతుంది, ఇక పెరగలేదు.

పులుపు ఒక్కటే ఆయుధమా?

కాదు. 1933లో న్యూజిలాండ్‌లో చీజ్ కోసం తోడేసిన పాలు సరిగా పులియకపోతే కారణం వెతికారు. పాలలోనే ఉన్న ఒక బాక్టీరియా, తోడు బాక్టీరియాను అణిచే పదార్థాన్ని విడుదల చేస్తోందని తేలింది. 1947లో ఇంగ్లండ్‌లో మాటిక్, హిర్ష్ అనే శాస్త్రవేత్తలు ఆ పదార్థానికి నైసిన్ అని పేరు పెట్టారు. లాక్టోకోకస్ లాక్టిస్ అనే బాక్టీరియాలో కొన్ని రకాలు దీన్ని తయారుచేస్తాయి. 34 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు ఇది.

ఇది ఎలా చంపుతుంది?

బాక్టీరియా తన కణకవచం కట్టుకోవడానికి లిపిడ్-2 అనే ముడిసరుకు వాడుతుంది. నైసిన్ దాన్ని పట్టుకుని గోడ కట్టే పని ఆపేస్తుంది. ఆ పట్టుతోనే కణపొరకు రంధ్రాలు వేస్తుంది. లోపలి సరుకు కారిపోయి కణం చస్తుంది.

తయారుచేసిన బాక్టీరియాకే దెబ్బ తగలదా?

తగలదు. పొర మీదికి వచ్చిన నైసిన్‌ను అడ్డుకునే ప్రోటీన్, బయటికి నెట్టేసే పంపులు దానికి ఉన్నాయి. ఇతర బాక్టీరియాను చంపే గుణం ఉంది కాబట్టే 1988లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ప్రాసెస్డ్ చీజ్ స్ప్రెడ్‌లలో నైసిన్ వాడకానికి అనుమతిచ్చింది.

అయితే పెరుగు ఎప్పటికీ పాడవదా?

అలా అనుకోవద్దు. ఈ.కోలి, సాల్మొనెల్లా వంటి బాక్టీరియాకు అదనంగా ఒక బయటి పొర ఉంటుంది, నైసిన్ ఒక్కటే దాన్ని దాటలేదు. బూజుల మీదా ఇది పనిచేయదు. అన్ని ఇళ్ల తోడులోనూ నైసిన్ చేసే రకం ఉండాలనీ లేదు. జబ్బుకు వేసుకునే మందుకు పెరుగు బదులు కాదు.

అందుకే తోడు తాజాగా ఉండాలి, చెంచా శుభ్రంగా, తడి లేకుండా ఉండాలి. పాలు మరీ వేడిగా ఉంటే తోడే చచ్చిపోతుంది. బూజు కనిపిస్తే పైపైన తీసేసి తినకండి, గిన్నెడూ పారబోయండి. తోడు బలంగా ఉంటేనే పెరుగు భద్రం.