రంగు వేరు, కరకర వేరు

ఓవెన్‌లో ఆలూ చిప్స్ చేసేవాళ్లలో ఒక మాట బాగా పాతుకుపోయింది. బాగా ఎర్రబడేదాకా ఉంచాలట, లేకపోతే తోలులా సాగుతాయట. దాని వెనకే ఇంకో మాట: నూనెలో వేయించినవి కావు కదా, కాస్త మాడినా పిల్లలకు ఏం కాదు. ఈ రెండూ కలిసి చేస్తున్న చేటు బడి పిల్లల స్నాక్ డబ్బాల్లో కళ్లకు కనబడుతోంది. అంచులు నల్లగా, నడుమ ముదురు గోధుమ రంగు, నోట్లో పెట్టుకుంటే చేదు. పిల్లలు వద్దంటే ప్యాకెట్ చిప్స్ రుచి మరిగారని వాళ్లనే కోప్పడుతున్నారు. పిల్లల నాలుక సరిగ్గానే చెబుతోంది. అవి మాడిన చిప్స్. మాడినవి ఓవెన్‌లో మాడాయా, మూకుట్లో మాడాయా అన్నదానితో పని లేదు.

కరకర వచ్చేది నీరు పోవడం వల్ల. ఆలుగడ్డ బరువులో నూటికి ఎనభై పాళ్ల దాకా నీరే. పల్చటి ముక్కలోంచి ఆ నీరు దాదాపు అంతా ఆవిరైపోయాక, వేడికి ఉడికిన పిండిపదార్థం చల్లారుతూ బిగుసుకుని పెళుసుబారుతుంది. ఇందులో ఎరుపుకు ఏ పాత్రా లేదు. సగ్గుబియ్యం వడియం తెల్లగా పొంగి కరకరలాడడం మనకు తెలియనిదా? ఆలుగడ్డతోనే తేల్చుకోవాలంటే నాలుగు పల్చటి ముక్కల్ని తడి తుడిచి, మైక్రోవేవ్‌లో బేకింగ్ పేపర్ మీద పరిచి, మధ్యమధ్య తిప్పుతూ ఆరేదాకా నడపండి. పెద్దగా రంగు మారకుండానే పెళపెళా విరుగుతాయి.

మరి ఇంతమంది ఎందుకు నమ్ముతున్నారు? ఓవెన్‌లో నీరు పోవడం, రంగు రావడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి కాబట్టి. తడి ఉన్నంతసేపు ముక్క వేడి 100 డిగ్రీల చుట్టుపక్కలే నిలిచి ఉంటుంది. తడి ఇంకిపోగానే వేడి గబగబా ఎక్కుతుంది, చివరి రెండు మూడు నిమిషాల్లోనే పసుపు గోధుమ రంగుకు, గోధుమ రంగు నలుపుకు తిరుగుతుంది. అంటే కరకరకు కావలసిన పని ఎరుపు రాకముందే దాదాపు అయిపోయింది. పైగా వేడిగా ఉన్నప్పుడు ముక్క ఎలాగూ కొంత మెత్తగానే ఉంటుంది. ఓవెన్‌లోనే నొక్కి చూసి, ఇంకా కాలేదని మరో ఐదు నిమిషాలు పెట్టేవాళ్లే వాయి మొత్తాన్నీ పాడుచేసుకుంటున్నారు. ఒక ముక్క బయటికి తీసి, నిమిషంసేపు చల్లారనిచ్చి, అప్పుడు విరిచి చూడాలి.

గడ్డలో ఉండే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటి చక్కెరలు అమైనో ఆమ్లాలతో వేడికి కలిసినప్పుడు ఎరుపు పుడుతుంది. ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ వివరించాడు. కాల్చిన రొట్టెకు, వేయించిన కాఫీ గింజకు ఆ రంగూ వాసనా ఇచ్చేది కూడా అదే. కొద్దిపాటి బంగారు రంగుతో రుచి పెరుగుతుంది, కాదనను. అయితే ఆలుగడ్డలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉంటుంది. వేడి 120 డిగ్రీలు దాటి, తడి తగ్గిన చోట అది చక్కెరలతో కలిసి అక్రిలమైడ్‌ను పుట్టిస్తుంది. క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ 1994లోనే దీన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న పదార్థాల్లో చేర్చింది. అది మనం తినే తిండిలోనే తయారవుతోందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. జంతువుల మీద ప్రయోగాల్లో దీనివల్ల క్యాన్సర్ రావడం స్పష్టంగా తేలింది. తిండి ద్వారా మనుషులకు ఎంత ముప్పన్నది ఇంకా తేలలేదు. అందుకని ఒక్క చిప్ మాడితే హడలిపోనక్కర్లేదు. కానీ బరువుతో పోల్చుకుంటే పెద్దల కన్నా పిల్లల ఒంట్లోకే ఇది ఎక్కువగా చేరుతుంది. ఆ పిల్లలకే ఆరోగ్యం పేరుతో రోజూ మాడినవి పెట్టడం ఏం న్యాయం? అక్రిలమైడ్ నూనెలోంచి వచ్చేది కాదు, గడ్డలోంచి వచ్చేది. నూనె తగ్గించినంత మాత్రాన అది తగ్గదు.

నిరుడు మార్చిలో ఇదే ఓవెన్, ఇదే కొలత, పచ్చగా వచ్చాయి, ఇప్పుడు నల్లబడుతున్నాయంటే ఓవెన్‌ను తిట్టుకోకండి. గడ్డ మారింది. మన మార్కెట్లకు వచ్చే ఆలులో చాలా భాగం ఆగ్రా వైపు సరుకు. అక్కడ ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్విన పంటను 2 నుంచి 4 డిగ్రీల శీతల గిడ్డంగుల్లో దాచి, నెలల తరబడి అమ్ముతారు. ఆ చలికి గడ్డలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. వానాకాలం చివర కొన్న ఆలు కూరలో కాస్త తియ్యగా తగలడానికి, చిప్స్‌లో ఇట్టే నల్లబడడానికి కారణం ఇదే. చిప్స్ కంపెనీలు ఇలాంటి గడ్డను ముట్టవు. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ 1998లో విడుదల చేసిన కుఫ్రి చిప్సోనా వంటి తక్కువ చక్కెర రకాలను ఎంచుకుని, 10–12 డిగ్రీల దగ్గర నిల్వ చేస్తాయి. అలా దాచిన గడ్డలనే కొన్నిచోట్ల షుగర్ ఫ్రీ అని అమ్ముతున్నారు. అవి మధుమేహం ఉన్నవాళ్లకు మంచివనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. వాటిలోనూ పిండి అంతే ఉంటుంది.

కాబట్టి కొన్న గడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టకుండా, వెలుతురు తగలని గాలి చోట రెండు మూడు వారాలు ఉంచితే ఆ చక్కెర కొంత తగ్గుతుంది. మొలకలొస్తున్నాయేమో మాత్రం చూసుకుంటూ ఉండాలి. కట్టర్‌తో ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన, అన్నీ ఒకేలా తరగండి. అంచు మాడి నడుమ మెత్తగా ఉండిపోవడానికి చాలాసార్లు కత్తితో హెచ్చుతగ్గులుగా కోయడమే కారణం. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, అరగంట నానబెడితే పైనున్న పిండీ చక్కెరా వదులుతాయి. నూలుగుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టండి. రెండు గడ్డలకు ఒక చిన్న చెంచా నూనె పట్టించి, ఒకదానిమీద ఒకటి పడకుండా పరచండి. 160 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, అంచులు ముడుచుకోవడం మొదలవగానే 130కి దించి, ముక్కలు తిప్పి, ఆరేదాకా ఓపిక పట్టండి. ముందుగా అయినవాటిని ముందుగానే తీసేయాలి. ఏ ట్రేలోనూ అన్నీ ఒకేసారి కావు.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు అక్కర్లేదు. అసలు నూనే వేయకుండా చేస్తే ఇంకా మంచిదంటారు. అలా చేస్తే అట్టముక్కల్లా వస్తాయి, తర్వాత పిల్లలు ప్యాకెట్ వైపే చూస్తారు. నానబెట్టే నీళ్లలో ఐసు వేయనక్కర్లేదు, మామూలు నీళ్లు చాలు. తొక్కలోనే పోషకాలన్నీ ఉన్నాయన్నది తప్పు, పీచు అక్కడ ఎక్కువ, మిగతావి చాలావరకు లోపలి కండలోనే ఉన్నాయి. ఆకుపచ్చ బారిన గడ్డను ఓవెన్‌లో కాలిస్తే విషం పోతుందన్నది పూర్తిగా అబద్ధం. సోలనిన్ ఆ వేడికి లొంగదు, అలాంటి గడ్డను పారేయండి. ఉప్పు ముందే చల్లితే ముక్క నీరు వదిలి తడిసిపోతుంది, బయటికి తీశాకే చల్లండి. నూనె లేదు కదా, ఎన్నైనా తినొచ్చని చెప్పేవాళ్లు ఒక లెక్క చూడాలి: వంద గ్రాముల చిప్స్ అంటే దాదాపు అరకిలో ఆలుగడ్డ.

ఫోన్లలో తిరిగే చిట్కాల్లో వెనిగర్ ఒక్కటి మాత్రం పనిచేస్తుంది, ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి. నానబెట్టే లీటరు నీళ్లలో రెండు చెంచాలు కలిపితే ఆ పులుపుకు ఎరుపూ అక్రిలమైడూ తగ్గుతాయి, ముక్క కూడా విరిగిపోకుండా బిగువుగా ఉంటుంది. ఎక్కువ పోస్తే మాత్రం చిప్స్ పుల్లగా తగులుతాయి.

సంచిలోని గడ్డలన్నీ తరిగేయకముందు ఒకదాంట్లోంచి మూడు ముక్కలు కోసి, కాల్చి చూడండి. ఆరకముందే ఎర్రబడుతున్నాయంటే ఆ సరుకు చిప్స్‌కు పనికిరాదు. వెనిగర్‌తోనూ, వేడి తగ్గించడంతోనూ దాన్ని దారికి తేవాలని చూడకండి. ఉడికించి పూరీ కూరకు వాడేయండి. నీళ్లలో ఉడికే ఆలులో అక్రిలమైడ్ భయమూ ఉండదు, ఆ కాస్త తీపి ఉల్లిపాయల్లో కలిసిపోతుంది.