పన్నెండో రౌండ్ తర్వాత ఎవరిని తీసుకోవాలి?

2023 ఆగస్టు చివరి వారం. డల్లాస్‌లో మా ఆఫీసు ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్ డ్రాఫ్ట్. పన్నెండు మందిమి, పదిహేను రౌండ్లు. పద్నాలుగో రౌండ్‌లో నా వంతు రాగానే ఓ పాత వైడ్ రిసీవర్ పేరు నొక్కేశాను. ముప్పై దాటినవాడు, ఒకప్పుడు పెద్ద స్టార్. పేరు చెప్పను, పాపం. నేను గుర్తుపట్టగలిగిన పేరు అదొక్కటే మిగిలింది, అంతే.

చివరి రౌండ్‌లో మా టీమ్‌లోనే పనిచేసే ఒకావిడ లాస్ ఏంజెలెస్ రామ్స్ కుర్రాడు నకువాని తీసుకుంది. ‘ఎవరు వీడు?’ అని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నా.

మొదటి వారం ఆ కుర్రాడు 10 క్యాచ్‌లు, 119 గజాలు. రెండో వారం 15 క్యాచ్‌లు, 147 గజాలు. సీజన్ ముగిసేసరికి 105 క్యాచ్‌లు, 1,486 గజాలు. తొలి ఏడాది ఆటగాళ్లలో 1960 నుంచీ చెక్కుచెదరని 1,473 గజాల రికార్డు పోయింది. నా స్టార్‌ని మూడో వారానికే తీసేశాను. మా లీగ్‌లో చివరి స్థానం వచ్చినవాళ్లు మిగతా పదకొండు మందికీ లంచ్ పెట్టాలి. ఆ ఏడాది బిర్యానీ బిల్లు నాదే.

ఆట తెలియనివాళ్లకు ఒక మాట. మనకు అలవాటైన ఫాంటసీ క్రికెట్‌లో ఒకే ఆటగాడిని లక్షల మంది ఎంచుకోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. లీగ్‌లో ఒకరు తీసుకుంటే ఆ ఆటగాడు సీజనంతా వాళ్లవాడే. కాబట్టి ఇది ఐపీఎల్ వేలానికి దగ్గర. మా లీగ్‌లో క్యాచ్‌కి 1 పాయింటు, ప్రతి 10 గజాలకు 1, టచ్‌డౌన్‌కి 6. మొదటి నాలుగైదు రౌండ్లలో ఎవరిని తీసుకోవాలో అందరికీ తెలుసు. తేడా వచ్చేది పన్నెండో రౌండ్ తర్వాతే.

అక్కడ నేను చేసిన తప్పు చాలామంది చేస్తారు. పేరున్న పాతవాడు వారానికి ఏడెనిమిది పాయింట్లు తెస్తాడని ధీమా. తెస్తాడు కూడా. కానీ అలాంటివాళ్లు ఎవరికీ చెందకుండా సీజనంతా ఉచితంగా దొరుకుతూనే ఉంటారు. వాళ్ల కోసం డ్రాఫ్ట్‌లో ఒక వంతు ఖర్చుచేయడం దండగ. చివరి రౌండ్లలో తీసుకోవాల్సింది, అయితే అస్సలు పనికిరాకుండా పోయేవాణ్ని, లేదా ఏకంగా మన జట్టునే మోసేవాణ్ని. పోతే పోయేది ఒక బెంచీ సీటే కదా!

మరి వాణ్ని గుర్తుపట్టేదెలా? నేను నేర్చుకున్నది ఇది: ఆటగాణ్ని కాదు, వాడి ముందున్న క్యూని చూడాలి. నకువా ఐదో రౌండ్‌లో, మొత్తమ్మీద 177వ వాడిగా ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వచ్చాడు. వాడి ప్రతిభ ఆగస్టులో నాలాంటివాడికి తెలిసే అవకాశమే లేదు. కానీ రామ్స్‌లో ప్రధాన రిసీవర్ కూపర్ కప్‌కి తొడ కండరం పట్టేసిందని వార్తల్లో వచ్చింది. బంతులు విసిరేది స్టాఫర్డ్ లాంటి అనుభవజ్ఞుడు. కప్ మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఆడలేదు. ఆ బంతులు ఎవరో ఒకరికి వెళ్లాలి కదా! మొదటి మ్యాచ్‌లోనే నకువా వైపు 15 బంతులు వెళ్లాయి. ఖాళీ కుర్చీ కనబడుతూనే ఉంది, నేనే చూడలేదు.

అదే ఏడాది హ్యూస్టన్‌లో నీకో కాలిన్స్‌దీ ఇదే కథ. మొదటి రెండేళ్లూ 446, 481 గజాలు. అందరూ ఇంతేలే అనుకున్నారు. 2023లో జట్టు సీనియర్ రిసీవర్ బ్రాండిన్ కుక్స్‌ని డల్లాస్‌కి పంపేసింది, సి.జె. స్ట్రౌడ్ అనే కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకుంది. ముందున్నవాడు పోయాడు, విసిరేవాడు మారాడు. కాలిన్స్ 1,297 గజాలు కొట్టాడు. మారింది కాలిన్సా, చుట్టూ ఉన్న పరిస్థితా అంటే, నేను రెండోదానికే ఓటేస్తా.

ఇంకో చిన్న కిటుకు. ఆగస్టులో జరిగే ప్రీ సీజన్ మ్యాచ్‌ల్లో మెరిసినవాణ్ని చూసి మోసపోవద్దు. కోచ్‌లు అసలు ఆటగాళ్లని దెబ్బలు తగలకుండా కూర్చోబెడతారు. పెద్దగా పేరు లేనివాణ్ని కూడా స్టార్లతోపాటు కూర్చోబెట్టారంటే ఆ కోచ్ వాణ్ని తొలి జట్టులో లెక్కేసుకున్నట్టే. ఆడినవాడి కంటే ఆడనివాడే ముఖ్యమన్నమాట. సీజన్ మొదలయ్యాక టచ్‌డౌన్లు చూడకండి. ఎన్ని బంతులు వాడి వైపు విసిరారో చూడండి. రెండు బంతులే వచ్చి రెండూ టచ్‌డౌన్ అయినవాడి కంటే, తొమ్మిది వచ్చి నాలుగే పట్టినవాడు నయం.

2024లో ఇదంతా ఒంటపట్టించుకునే డ్రాఫ్ట్‌కి కూర్చున్నా. శాన్ ఫ్రాన్సిస్కోలో బ్రాండన్ అయ్యూక్ కాంట్రాక్టు గొడవ ఆగస్టంతా నడిచింది. వాడు పోతే ఎవరు? 2020లో ఏడో రౌండ్‌లో, 217వ వాడిగా వచ్చిన జువాన్ జెన్నింగ్స్ అనిపించింది. చివరి రౌండ్‌లో తీసుకున్నా. అయ్యూక్ ఎక్కడికీ పోలేదు, ఆ నెలాఖరుకే సంతకం పెట్టేశాడు. అయినా జెన్నింగ్స్‌ని ఉంచుకున్నా. మూడో వారం డీబో శామ్యూల్, కిటిల్ ఇద్దరూ దెబ్బలతో దూరమయ్యారు. జెన్నింగ్స్ 11 క్యాచ్‌లు, 175 గజాలు, 3 టచ్‌డౌన్లు. మా లెక్కలో 46.5 పాయింట్లు.

నా బెంచీ మీద.

అవును, ఆ వారం వాణ్ని ఆడించలేదు. వాడి బదులు దించినవాడు, ఒకప్పటి పెద్ద పేరు, 4 పాయింట్లు తెచ్చాడు. ఆ వారం ఓడింది 11 పాయింట్ల తేడాతో. ఆ రాత్రి మా ఆవిడ ‘ఎవరికైనా ఏమైనా అయిందా?’ అని అడిగింది, నా మొహం చూసి. కనిపెట్టడం ఒక విద్య, నమ్మడం వేరే విద్య అని అప్పుడే తెలిసింది. ఆ సీజన్‌లో ఐదో స్థానం వచ్చింది. బిర్యానీ మాత్రం వేరేవాళ్ల ఖాతాలో పడింది, అదొక్కటే తృప్తి.

ఈ పద్ధతి ప్రతిసారీ ఫలిస్తుందని కాదు. నేనిలా తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది నెల తిరక్కుండానే నా జట్టులోంచి పోయారు. అందుకే వాళ్లమీద మమకారం పెంచుకోను. మూడు వారాలు చూస్తా, బంతులు రాకపోతే తీసేస్తా.

ఈసారి డ్రాఫ్ట్ చివరి మూడు రౌండ్ల కోసం నాలుగు పేర్లు రాసిపెట్టుకున్నా. ఇక్కడ మాత్రం చెప్పను. మా లీగ్‌లోకి కొత్తగా ఇంకో తెలుగాయన వచ్చాడు. ఆయన ఈ పత్రిక క్రమం తప్పకుండా చదువుతాడు.