పాతికమంది కలిసి మీటే బుల్లి వాయిద్యం

పాతికమంది కొత్తవాళ్లకు తలా ఒక వయొలిన్ ఇచ్చి ఒక్కసారిగా వాయించమంటే వీధి ఖాళీ అయిపోతుంది. అదే పాతికమంది చేతికి యుకులేలేలు ఇస్తే సాయంత్రానికల్లా ఓ పాట తయారవుతుంది. బ్రిటన్‌లో, కెనడాలో ఊరి సంతల్లోనూ వృద్ధాశ్రమాల్లోనూ కుర్చీలు వేసుకుని వాయించే స్థానిక బృందాలన్నీ ఈ తేడా మీదే బతుకుతున్నాయి. ఆ తేడా వాయిద్యం పుట్టుకలోనే ఉంది.

1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగీసువాళ్ల మదీరా దీవి నుంచి హొనొలులు చేరింది. అందులో దిగిన నాలుగు వందల పైచిలుకు జనం హవాయి చెరకు తోటల్లో పనికి వచ్చినవాళ్లు. మన తీరప్రాంతపు తెలుగువాళ్లు మారిషస్‌కు, నాటాల్‌కు ఓడలెక్కిందీ ఆ చెరకు కోసమే. మదీరావాళ్లలో ముగ్గురు వడ్రంగులున్నారు: మనుయెల్ నూనెస్, అగస్టో డయస్, జోసె డు ఎస్పిరితో శాంతో. 1880ల్లో వాళ్లు హొనొలులులో దుకాణాలు పెట్టి, తమ ఊళ్లో మషెత్ అని పిలిచే చిన్న వాయిద్యాన్ని అక్కడి కోవా చెక్కతో చేయసాగారు. సంగీతప్రియుడైన రాజు కలాకవా దాన్ని రాజభవనంలోకి రానిచ్చాడు. ఇక ఊరంతా దాని వెంటే.

ఆకారం మషెత్‌దే అయినా శ్రుతి మాత్రం దానిది కాదు. మదీరాలోనే ఉన్న ఐదు తీగల రజావ్ నుంచి నాలుగు తీగల వరస తీసుకున్నారు: జి, సి, ఇ, ఎ. అసలు కిటుకంతా ఇక్కడే. గిటారులో వాయించేవారి గడ్డం వైపుండే తీగ అన్నిటికన్నా మంద్రం. యుకులేలేలో ఆ చోటున్న జి తీగ 392 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది. దాని పక్కన సి 262, తర్వాత ఇ 330, చివర ఎ 440. అంటే నాలుగు తీగలూ ఒక్క స్థాయిలోపలే ఇరుక్కుని ఉన్నాయి. చేయి కిందికి గీసినా పైకి గీసినా కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల గుత్తి, దాదాపు ఒకేలా వినిపిస్తుంది. సి కార్డ్‌కైతే ఒక్క వేలు చాలు: ఎ తీగ మీద మూడో మెట్టు దగ్గర నొక్కడమే.

పెట్టె చిన్నది, తీగల బిగువు తక్కువ. అందుకే నాదం పుట్టినంత త్వరగానే ఆరిపోతుంది. ఒంటరిగా కచేరీ చేసే విద్వాంసుడికి ఇది లోపమే. గుంపుకు మాత్రం వరం: ఒకరు కాస్త ఆలస్యంగా మీటినా ఆ తప్పు తర్వాతి కార్డ్ మీదికి పాకదు.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శనతో అమెరికాకు ఈ పిచ్చి పట్టింది. మరుసటి ఏడే గిటార్ల కంపెనీ మార్టిన్ కూడా రంగంలోకి దిగింది. మోజు తగ్గాక, 1949లో మారియో మకాఫెర్రి ప్లాస్టిక్‌ను అచ్చుల్లో పోసి చవక యుకులేలేలు చేశాడు. నైలాన్ తీగలు కట్టిన ఆ ప్లాస్టిక్ పెట్టెలు లక్షల్లో అమ్ముడుపోయాయి. చెక్క వాయిద్యం గొప్పదనే పండితులు ముక్కు విరవవచ్చు గానీ, నా లెక్కలో దీన్ని సామాన్యుల చేతికిచ్చింది ఈ ప్లాస్టిక్కే.

బృందాల బడి మాత్రం కెనడాలో మొదలైంది. 1967లో హాలిఫాక్స్ బడుల సంగీత విద్యకు బాధ్యుడైన చామర్స్ డోన్ తరగతి వాయిద్యంగా దీన్నే ఎంచుకున్నాడు. పిల్లల వేళ్లకు అందుతుంది, పైగా వాయిస్తూ పాడవచ్చు. పిల్లనగ్రోవి ఊదేవాడికి ఆ వీలు లేదు కదా! సులువుగా తయారయ్యే ముక్కోణపు నమూనాను కూడా డోనే రూపొందించాడు.

ఇంత చేసినా ఒక వెలితి మిగిలింది. సి తీగకు కింద స్వరమే లేదు గనుక పాతికమంది వాయించినా మంద్రం పలకదు. అందుకే ఇప్పుడు చాలా బృందాల్లో ఒకరు బేస్ యుకులేలే పట్టుకుంటారు. చూడటానికి అదీ చిన్నదే, కానీ రబ్బరులా సాగే లావుపాటి పాలీయురేథేన్ తీగలతో బేస్ గిటారు స్వరాలే పలుకుతుంది. దానికి యాంప్లిఫయర్ తగిలించాలి, వాయించేవారికి తాళం మీద పట్టుండాలి. ఆ కుర్చీలో మాత్రం కొత్తవాళ్లను కూర్చోబెట్టరు.