క్రొత్త బండియా? పాత బండియా?

సోదరీమణులారా! కారు కొనుట పురుషుల పనియనియు, కొన్న పిమ్మట దాని రంగును మెచ్చుకొనుట మాత్రమే స్త్రీల వంతనియు పెక్కుమంది తలంతురు. మేమును కొంతకాల మట్లే తలచితిమి. కాని నెలాఖరున పాల లెక్కయు, పిల్లల చదువు ఖర్చును, మందుల ఖర్చును సరిపెట్టవలసినవారు గృహిణులే కదా! ఆ లెక్కలోనుండి ఏండ్ల తరబడి నెలనెలయు కొంత సొమ్మును తీసికొనిపోవు వస్తువును గూర్చి వారు నోరు మెదపకుండుట యెట్లు న్యాయమగును? కావున ఈ నడుమ మా యింట జరిగిన విచారమును, అందు మేము నేర్చుకొన్న సంగతులను ఇచట విన్నవించుచున్నాము.

మాది అనంతపురము సీమ. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలలో కురిసి మావైపునకు దాదాపు వట్టిచేతులతో వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమును దాటి మమ్ము చేరునప్పటికి అలసిపోవును. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాకు దక్కును. అదియు వేళకు రాదు. ముంగారు పదునుకు వేరుసెనగ విత్తి, పూతవేళ నొక వానకును, ఊడలు దిగువేళ మరియొక వానకును ఆకసమువైపు చూచుచుండుట మావారి కలవాటు. ఇట్టి చోట ‘వచ్చే నెల’ యను మాటకు ఉద్యోగి యింట నొక యర్థము, సేద్యగాని యింట వేరొక యర్థము. మా యింట నీ రెండర్థములును కలవు. మా యింటివారు ఉపాధ్యాయులు. అత్తమామలకు నాలుగెకరముల మెట్ట కలదు. జీతము నెల మొదట వచ్చును గాని, పంట పోయిన యేట అందు మంచి భాగము విత్తనములకును, బోరు మరమ్మతునకును వెళ్లును.

ఇట్టివారికి కారెందులకని మీరడుగవచ్చును. మా అత్తగారికి ఉబ్బసము. గత కార్తికమాసమున నొక రాత్రి ఆమెకు ఆయాసము మిక్కుటమాయెను. మా యింటివారు మోటారు సైకిలు నడుపగా, ఆమెను నడుమ కూర్చుండబెట్టి, వెనుకనుండి మేము పట్టుకొని, చలిలో 18 కిలోమీటర్లు పోతిమి. ఆమె తల మా భుజముపై వ్రాలినపుడెల్ల ‘అత్తయ్యా!’ యని పిలుచుచు, ఆమె ‘ఊ’ యనిన పిదప ఊపిరి పీల్చుకొంటిమి. ఆమె బ్రతికి బయటపడినది. ఆసుపత్రి వసారాలో తెల్లవారగనే మా యింటివారు, ‘ఇక కారు లేకుండ గడవదు’ అనిరి. అందులకు మేము మారు పలుకలేదు. ఏ కారు అను ప్రశ్న మాత్రము మిగిలెను.

మా యింటివారి మనస్సు క్రొత్తదానిపై నుండెను. పెనుకొండ యొద్ద ఎర్రమంచిలో కొరియా దేశపు కియా సంస్థవారి కర్మాగారమునుండి 2019లో కార్లు వెలువడ నారంభించెను. నాడు విజయనగర రాజులు తళ్ళికోట యుద్ధానంతరము తలదాచుకొన్న పెనుకొండ, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిదైనను, మాకు ఇంటిముంగిలి వంటిదే. ‘వేరుసెనగ తప్ప వేరెరుగని మన నేల కార్లను కనుచుండగా, మన తల్లిని ఒకరు వాడి విడిచిన బండిలో కూర్చుండబెట్టుదుమా?’ యని వారి మాట. ఇందు అభిమానమే గాక యుక్తియు కలదు. క్రొత్త బండికి గడచిన కథ లేదు; పాడైనచో కొన్నేండ్లవరకు హామీ కలదు. మీదుమిక్కిలి, నాలుగు మీటర్లకు మించని పొడవును, 1200 సి.సి.కి మించని పెట్రోలు ఇంజనును గల చిన్నకార్లపై మునుపు 28 శాతము జి.ఎస్.టి.యు, ఆపై సెస్సును ఉండగా, 2025 సెప్టెంబరు 22 నుండి అది 18 శాతమునకు దిగినది.

అంతట మేము కాగితమును కలమును తీసికొని, తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయిచేత లెక్క వేయించితిమి. మా చేత నున్నది రెండున్నర లక్షలు. అందు ఏబదివేలు కదలింపరాదని మొదటనే నిశ్చయించుకొంటిమి. రోడ్డెక్కునప్పటికి ఎనిమిది లక్షలగు క్రొత్త కారు కొందుమనుకొనుడు. రెండు లక్షలు చేతినుండి యిచ్చి, ఆరు లక్షలు తొమ్మిది శాతము వడ్డీకి ఏడేండ్ల గడువుతో తెచ్చినచో నెలకు సుమారు 9,650 రూపాయల కంతు. ఏడేండ్లలో వడ్డీయే రెండు లక్షల పదివేలు దాటును. మూడునాలుగేండ్లు వాడిన బండి నాలుగున్నర లక్షలకు దొరకిన దనుకొనుడు. పాత బండ్లకు బ్యాంకువారు వడ్డీ హెచ్చుగా అడుగుదురు గనుక పదుమూడు శాతమని వేసితిమి. రెండు లక్షలు పోను మిగిలిన రెండున్నర లక్షలు మూడేండ్ల గడువునకు తెచ్చినచో కంతు సుమారు 8,420. మొత్తము వడ్డీ ఏబదిమూడు వేలు.

నెల కంతులలో భేదము పెద్దది కాదు. గడువులలో భేదము మాత్రము చాల పెద్దది. మూడేండ్లకు మా అమ్మాయి ఇంటరు ముగించి కళాశాలకు పోవును. పాత బండి అప్పు ఆనాటికి తీరును. క్రొత్త బండి అప్పు ఆమె పైచదువు పొడవునను ఆమెకు సవతి వలె ప్రక్కన నడచును. ఇంతలో రెండు పంటలు పోవని యెవరు చెప్పగలరు?

తరుగును గూర్చియు చెప్పవలసి యున్నది. దొంగతనమో, పూర్తి నష్టమో కలిగినపుడు బండికి విలువకట్టుటకు బీమా సంస్థలు సాధారణముగా అనుసరించు పట్టిక యొకటి కలదు. ఆరు నెలలలోపు బండికి 5 శాతము తరుగు, ఏడాదిలోపు 15, రెండేండ్లలోపు 20, మూడేండ్లలోపు 30, నాలుగేండ్లలోపు 40, అయిదేండ్లలోపు 50. సంతలో పలుకు వెల ఇందులకు కొంచె మటునిటు నుండవచ్చును గాని, మార్గ మిదియే. మొదటి నాలుగేండ్ల తరుగును మొదటి యజమానుడు భరించును. పాత బండి కొనువాడు ఆ భారమును తప్పించుకొనును. కాని బండిలో దాగియున్న రోగమును కొనితెచ్చుకొను ప్రమాదము అతనికి కలదు.

ఆ ప్రమాదము మాకు కంటబడనే పడినది. ఒక పట్టణమున పాత బండ్ల యంగడికి పోగా తెల్లని కారొకటి చూపిరి. క్రొత్త సీటుతొడుగులు, ఘుమఘుమలాడు అత్తరు, మీటరుపై తక్కువ కిలోమీటర్లు, ఇతర బండ్లకంటె అరువదివేలు తక్కువ వెల. మా యింటివారు అప్పటికే బయానా తీయబోవుచుండిరి. మావెంట వచ్చిన మా యూరి ట్రాక్టరు మెకానిక్కు మాత్రము పలుకక, ముందు సీటు బెల్టును చివరివరకు లాగెను. సగమువరకు బెల్టు శుభ్రముగా నుండెను. ఆపైన అడ్డముగా నొక మట్టిచార. పిదప డిక్కీలో స్టెప్నీని పైకెత్తెను. క్రింద సన్నని యొండ్రు. సీటు జరుగు పట్టాలకు త్రుప్పు. అతడు మెల్లగా, ‘అమ్మా, ఇది మునిగిన బండి’ యనెను.

నీటిచుక్కకై మొగము వాచిన మా సీమకు నీట మునిగిన బండి యమ్మకమునకు వచ్చుట విధివిలాసము కదా! 2015లో చెన్నపట్టణమునను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడయందును వేలకొలది బండ్లు మునిగినవి. 2022 అక్టోబరులో అనంతపురము నగరమునకే వరద వచ్చినది. మునిగిన బండ్లు తుడిచి, కడిగి, దూరదేశముల యంగళ్లకు చేరుట కలదు. పైకి మెరయుచున్నను లోపల తీగల కొసలు నెలల తరబడి త్రుప్పు పట్టుచుండును. ఒకనాడు దీపములు వెలుగవు, మరియొకనాడు ప్రమాదమున గాలిసంచి విచ్చుకొనదు. రాత్రివేళ అత్తగారిని ఆసుపత్రికి కొనిపోవలసిన బండి నడిరోడ్డున ఆగిన మా గతి యేమి?

ఇంటికి వచ్చిన పిదప మా యింటివారు, ‘ఇందులకే క్రొత్తది కొందమంటిమి’ అనిరి. వారి మాటను త్రోసివేయ మాకు నోరు రాలేదు. అంతలో అత్తగారు మంచముపైనుండి, ‘ఎద్దును కొట్టంలో చూస్తే ఏమి తెలుస్తాదమ్మా? మడక కట్టి సూడల్ల. అప్పు మాత్రం నా కోసరం సేయొద్దండి’ అనిరి. ఆమె కారు నడుపుట యెరుగరు గాని ఎడ్లను కొన్న యింటి యాడుపడుచు. ఒక యెద్దు చెడ్డదైనందున సంత మానుకొనుట కాదు, పండ్లు పట్టి చూచుట నేర్చుకొనవలెనని మాకు తోచెను.

ఆనాటినుండి మేము పెట్టుకొన్న నియమము లివి. మొదటిది, బండి 2022లోగాని ఆ తరువాతగాని తయారైనదై యుండవలెను. చక్రములు బిగిసి బండి జారకుండ కాపాడు ఏ.బి.ఎస్. 2019 ఏప్రిలునుండియు, డ్రైవరు ముందటి గాలిసంచి 2019 జూలైనుండియు కార్ల కన్నిటికిని నిర్బంధమైనవి. ప్రక్క సీటు గాలిసంచి 2021 ముగియునప్పటికి అన్ని రకములకు నిర్బంధమైనది. అంతకుముందటి చౌక బండ్లలో ఇవి లేకుండ నుండవచ్చును. హైదరాబాదు బెంగుళూరు పెద్దరోడ్డుపై లారీల నడుమ పోవువారు రూపాయలు మిగుల్చుకొనుటకై వీనిని వదలుకొనరాదు.

రెండవది, బండిని పగటివేళ, ఇంజను చల్లగా నున్నపుడు చూడవలెను. ముందే వేడిచేసి యుంచిన యింజను తన రోగమును దాచును. ఎక్కుడు దిగుడుగల త్రోవలో నడిపి, క్లచ్చియు బ్రేకులును చూడవలెను. మీటరు తక్కువ చూపుచున్నను స్టీరింగు నునుపెక్కి, పెడళ్ల రబ్బరు అరిగియున్నచో ఆ యంకెను నమ్మరాదు. సర్వీసు పుస్తకమునందలి తేదీలు మీటరుకంటె నమ్మదగిన సాక్షులు. మెకానిక్కు అమ్మువాని మనిషి గాక మన మనిషియై యుండవలెను.

మూడవది, కాగితములు. ఆర్.సి.పైనున్న పేరును, అప్పు తాకట్టును, కట్టని చలానులను ప్రభుత్వమువారి పరివాహన్ వ్యవస్థలో చూచుకొనవచ్చును. బ్యాంకు తాకట్టున్నచో 35వ నెంబరు ఫారమును, బ్యాంకువారి నిరభ్యంతర పత్రమును వచ్చువరకు తుదిపైక మీయరాదు. యాజమాన్యపు మార్పునకు 29, 30 నెంబరు ఫారములు కావలెను. బీమాను 14 దినములలో మనపేర మార్చుకొనుటకు కోరవలెను. మాకు బెంగుళూరు దగ్గర గనుక కర్ణాటక బండ్లు చౌకగా కనబడును. కాని అచటినుండి నిరభ్యంతర పత్రము తెచ్చి, ఇచట మరల పన్ను కట్టవలసి వచ్చును. ఆ ఖర్చు కలిపినగాని అసలు వెల తెలియదు. అమ్మువారికిని ఒక మాట: ఆర్.సి.లో పేరు మారనంతవరకు ప్రమాదమున పరిహారభారము రిజిస్టరులోని యజమానునిదే యని సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కావున బండి నిచ్చి కాగితము మరచుట కూడదు.

ఇట్లు రెండు నెలలు వెదకగా, పదవీవిరమణ చేసిన యొక యుద్యోగి తన 2022నాటి కారును అమ్మజూపిరి. సర్వీసు పుస్తకము మొదటి పుటనుండి సరిగా నున్నది. మా మెకానిక్కు సీటు బెల్టులు నాలుగింటిని చివరివరకు లాగి చూచి తల యూపెను. నాలుగున్నర లక్షలకే బేరము కుదిరెను. మొదటి నెలలోనే టైర్లకును బ్యాటరీకిని ముప్పదియొక వేలు వ్యయమాయెను. కదలింపరాదని యుంచిన యేబదివేలు అందులకే యని అప్పుడు తెలిసినది. పాత బండి కొనువారు వెలతోపాటు ఈ నిలువసొమ్మును గూడ లెక్కలో చేర్చుకొననిచో లెక్క తప్పును.

క్రొత్త బండి కొనువారిని మేము నిందింపము. నిత్యము దూరము పోవలసినవారికి, ఇరువురి జీతములు నిలుకడగా వచ్చువారికి, బండిని పరీక్షించుటకు నమ్మకమైన మనిషి లేనివారికి చిన్నదైన క్రొత్త కారే మేలు కావచ్చును. చెడ్డ పాత బండికంటె మంచి క్రొత్త బండి యెన్నడైనను చౌకయే. వీధివారి కన్నులకొరకు పెద్దబండి తెచ్చి, పిల్లల చదువును కుదువబెట్టుట మాత్రమే మాకు సమ్మతము కాదు. మా యింటివారికి ఎర్రమంచి క్రొత్త కారుపై మక్కువ నేటికిని పోలేదు. ఆ మార్గమున పోవునపుడెల్ల ఒక్కసారి తల త్రిప్పి చూతురు. మేమును చూచి చూడనట్లుందుము.

సోదరీమణులారా! కారుమాట మీ యింట వచ్చిననాడు రంగు చెప్పి యూరకుండకుడు. మీ ఖర్చుల పుస్తకమును తెచ్చి నడుమ పెట్టుడు. అందు మంచి యేటి పుటను గాక, పంట పోయిన యేటి పుటను తెరచి చూపుడు. బండి క్రొత్తదైనను పాతదైనను, కంతు కట్టవలసిన తేదీకి వాన యక్కరలేకుండ చూచుకొనుడు.