పనేం లేదు... పట్నం పోతున్నం!

"యాడికి పోతున్నవ్ అక్కా?"

రాయికోడ్‌లో బస్సు కోసం సంచి పట్టుకుని నిలబడ్డ ఏ ఆడమనిషికైనా ఈ ప్రశ్న తప్పదు. జవాబులూ తయారుగానే ఉంటాయి. బిడ్డ కాన్పుకు. సంగారెడ్డి దవాఖానకు. జహీరాబాద్‌లో పెళ్లి బట్టలకు. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి దర్శనానికి. శివరాత్రి వస్తే ఏడుపాయల జాతరకు. దేవుడో, దవాఖానో, చుట్టరికమో ఏదో ఒకటి చెప్పాలి. "పనేం లేదు, మేమంతా కలిసి ఊరికే పట్నం చూసొస్తం" అనే మాట మాత్రం ఇంకా నోట్లోనే ఆగిపోతోంది. ఈ చలికాలంలో అది బయటికి రావాలి. అందుకే ఈ కథనం.

ఈ నేల ఆడవాళ్లు గడప దాటనివాళ్లేం కాదు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు పాత పంటల విత్తనాలు కాపాడారు. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో నడపడం మొదలుపెట్టారు. కెమెరాలు పట్టి, బీటీ పత్తి రైతుల గోసను చిత్రించడానికి దేశం దాటి కూడా వెళ్లారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఎంత దూరం వెళ్లినా ఆ ప్రయాణాల్లో ఒక పని ఉంది, మోయాల్సిన బాధ్యత ఉంది. సరదా కోసం కదలడమే ఇంకా మిగిలిపోయింది.

మంజీర నీళ్లు దశాబ్దాలుగా హైదరాబాద్ నల్లాల్లో వస్తున్నాయి. ఆ నది పక్కన నల్లరేగళ్లలో పత్తి ఏరే చేతులకు ఆ పట్నంలో ఒక సాయంత్రం దక్కడం న్యాయమే కదా.

ఆధార్ కార్డు, 218 నంబరు బస్సు

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. తెలంగాణ ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. 2025 జులై నాటికి జీరో టికెట్ల లెక్క 200 కోట్లు దాటింది. ఎవరేం విమర్శించినా, ఛార్జీ డబ్బుల కోసం ఇంట్లో ఎవరినీ చెయ్యి చాచి అడగనక్కర్లేకుండా చేసింది ఈ పథకం. నా దృష్టిలో ఆ ఒక్క మార్పే చాలా పెద్దది.

రాయికోడ్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. నేరుగా వెళ్లే బస్సు దొరక్కపోతే సంగారెడ్డిలో మారి పటాన్‌చెరు చేరాలి. అక్కడ కోఠి వెళ్లే 218 నంబరు బస్సు ఎక్కితే కూకట్‌పల్లి, అమీర్‌పేట, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లిలో దిగొచ్చు. అంటే ఇంటి నుంచి నాంపల్లి దాకా ఒక్క రూపాయి ఖర్చు లేదు. డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సుల్లో మాత్రం టికెట్ కొనాల్సిందే. హడావిడిలో ఏ బస్సు వస్తే అది ఎక్కేయకుండా బోర్డు చూసుకోవాలి.

ఆధార్ ఒరిజినల్ కార్డే వెంట ఉండాలి. జిరాక్స్ కాగితం, ఫోన్‌లో ఫొటో చెల్లవు. కొందరి పాత కార్డుల మీద చిరునామా ఇంకా ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. అందరూ ఎక్కాక దాని మీద కండక్టర్‌తో వాదన పడితే ప్రయాణం మొదట్లోనే మనసు పాడవుతుంది. బయల్దేరడానికి చాలా ముందే అందరి కార్డులూ ఒక్కచోట చూసుకుని, అవసరమైతే మీసేవలో చిరునామా మార్పించుకోవడం మేలు.

జనవరి ఒకటి నుంచి

ఎప్పుడు పోవాలంటే నేను నుమాయిష్ రోజుల్లోనే అంటాను. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరుగుతుంది. అప్పటికి పత్తి ఏరడం చాలావరకు ఒడిసిపోతుంది. కూలి డబ్బులో కొంతైనా చేతిలో ఉంటుంది. సంక్రాంతికి ముందు బస్సులు కిక్కిరిసిపోతాయి కాబట్టి ఆ నాలుగు రోజులు వదిలేయండి.

1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజుల పాటు వంద స్టాళ్లతో పెట్టిన ప్రదర్శన ఇది. 1946లో నాంపల్లికి మారింది. ఇప్పుడు కశ్మీర్ శాలువాల నుంచి లక్నో చికన్ కుర్తీల దాకా దేశమంతా అక్కడ దుకాణం తెరుస్తుంది. దీన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో విద్యాసంస్థలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఆ సొసైటీవే. గేటు దగ్గర మనం కొనే టికెట్‌లో ఎంతో కొంత ఆడపిల్లల చదువుకు చేరుతుందన్నమాట.

ఇంకో విశేషం. నుమాయిష్‌లో ఏటా ఒక రోజు లేడీస్ డే. ఆ రోజు ఆడవాళ్లకే ప్రవేశం. తేదీ ముందుగా పేపర్లలో వస్తుంది, కాస్త కనిపెట్టి ఉండాలి. జెయింట్ వీల్ ఎక్కి గొంతెత్తి అరవాలన్నా, మిర్చి బజ్జీ తింటూ పగలబడి నవ్వాలన్నా ఎవరు చూస్తున్నారోనన్న బెరుకు లేని రోజది. ఒక్కరోజే వెళ్లగలిగితే ఆ రోజే వెళ్లండి.

అయితే మైదానం గేట్లు తెరిచేది సాయంత్రం. స్టాళ్లన్నీ తిరిగేసరికి రాత్రవుతుంది. ఆ వేళ రాయికోడ్ చేరే బస్సు కోసం పరుగులు పెట్టడం తెలివైన పని కాదు. రాత్రి ఆగాల్సిందే. పటాన్‌చెరులోనో, లింగంపల్లిలోనో బతకడానికి వెళ్లిన మనవాళ్ల ఇల్లు ఏదో ఒకటి ఉంటుంది. "వదినే, మేం అయిదుగురం వస్తున్నం, చాపలుంటే చాలు" అని ముందే ఫోన్ చేసి చెప్పాలి. వాళ్లింటికి బియ్యమో, కొత్త కందిపప్పో తీసుకెళ్లాలి. రాత్రి తిరుగు ప్రయాణానికి గాంధీభవన్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా మియాపూర్ చేరొచ్చు. అందులో ఆడవాళ్లకు వేరే పెట్టె ఉంది. మెట్రో రైలుకు మాత్రం జీరో టికెట్ లేదు.

బర్రె చేపాలి కదా

ఇంట్లో ఒప్పించడం కన్నా ఇల్లు నడిచే ఏర్పాటు చేయడమే అసలు పని. ఉదాహరణకు పాడి. కొన్ని బర్రెలు అలవాటైన చెయ్యి తగిలితే తప్ప చేపవు. కొత్త మనిషి కూర్చుంటే కాలు జాడిస్తాయి, పాలు ఎగబట్టేస్తాయి. వారం ముందు నుంచే పక్కింటామెనో, తోటికోడలినో పొద్దున ఒకసారి, మాపున ఒకసారి మీ పక్కన కూర్చోబెట్టాలి. దాణా ఆమె చేత్తోనే పెట్టించాలి, మెడ దువ్వించాలి. మూడో రోజో నాలుగో రోజో బర్రె ఆమె గొంతు గుర్తుపట్టి తల తిప్పుతుంది. అప్పటి నుంచి చెంబు ఆమెకే ఇచ్చేయాలి. ఈసారి ఆమె సాయం చేస్తే వచ్చేసారి ఆమె ప్రయాణానికి మీరు కాపలా. పట్నం ముచ్చట ఇలాంటి ఒప్పందాల మీదే నిలుస్తుంది.

"అత్తమ్మా, రెండ్రోజులు పిల్లల్ని చూసుకుంటవా? మేమందరం నుమాయిష్‌కు పోయొస్తం" అని సూటిగా అడగండి. దవాఖాన పేరు చెప్పి పోవద్దు. ఈసారి అబద్ధం చెబితే వచ్చేసారీ చెప్పాల్సి వస్తుంది. ఇంకా మంచిది, ఆమెనూ రమ్మనండి. లాడ్ బజార్ గాజులంటే ఏ అత్తమ్మ వద్దంటుంది?

దారికి కడక్ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, పల్లీల పొడి కట్టుకుంటే రెండు రోజులైనా పాడుకావు. నీళ్లు తాగడం మాత్రం మానకండి. బస్సు దిగేదాకా మూత్రానికి పోయే వీలుండదని ఆడవాళ్లు పొద్దున్నుంచి గొంతు తడుపుకోకుండా కూర్చుంటారు. మధ్యాహ్నానికి తలనొప్పి, సాయంత్రానికి మంట. ఆగే చోట్లు ముందే అనుకోండి: సంగారెడ్డి బస్టాండ్, ఆ తర్వాత ఏదైనా మెట్రో స్టేషన్. గుంపులో ఒకరు "నేను పోవాలె" అనగానే అందరూ ఆగాలని ఊళ్లోనే మాట అనుకోవాలి.

ఖర్చు డబ్బు తలా ఇంత అని వేసి ఒకరి దగ్గర పెట్టండి. ఆ డబ్బు దగ్గర ఉంచుకునే మనిషి లెక్క అడిగితే నొచ్చుకోని మనిషై ఉండాలి.

మర్నాడు

పొద్దున సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు. పన్నెండు కొట్టేలోపు గడియారం ముందుకు చేరాలి. గంట కొట్టే వేళకు లోపల్నుంచి ఓ చిన్న గడ్డపాయన బయటికొచ్చి, గంట మీద పన్నెండు దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. ఆ బొమ్మ కోసం పిల్లలూ ముసలివాళ్లూ గుమిగూడతారు. తర్వాత తీరిగ్గా వెయిల్డ్ రెబెక్కా దగ్గర నిలబడండి. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన పాలరాతి విగ్రహమది. ముఖం మీది మేలిముసుగు కూడా రాయే. దాని వెనక కళ్లూ ముక్కూ కనిపిస్తుంటాయి.

అక్కణ్నుంచి చార్మినార్ దగ్గరే. 1591 నాటి కట్టడం చూసి, లాడ్ బజార్‌లోకి నడవండి. లక్కను కుంపటి మీద మెత్తబరిచి, సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటే అద్దుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ధర చెప్పగానే తీసుకోకుండా మూడు దుకాణాలు తిరగండి. బేరం ఆడటంలో మన అంగడి ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మూడింటికల్లా గాజుల పని ముగించి కోఠికి వస్తే పటాన్‌చెరు బస్సులో కిటికీ సీట్లు దొరుకుతాయి, చీకటి పడేలోపు సంగారెడ్డి దాటొచ్చు.

ఇది కుదిరాక ఎండలు ముదరకముందే బీదర్ చూడండి. జహీరాబాద్ నుంచి గంట దారి. బహమనీల కోట, 1472 నాటి మహమూద్ గవాన్ మదర్సా, వెండి తీగ పొదిగే బిద్రీ పనివాళ్ల దుకాణాలు ఒక్క పగటిలో తిరిగి రావచ్చు, రాత్రి ఉండే బాధ లేదు. కర్ణాటకలో 2023 జూన్ నుంచే శక్తి పథకం ఉంది కానీ అది అక్కడి ఆడవాళ్లకే. మన జీరో టికెట్ సరిహద్దు దాకే, ఆపైన దూరానికి చిల్లర దగ్గర పెట్టుకోండి. బీదర్‌కు ఇచ్చిన మన ఆడబిడ్డలు ఎంతోమంది అక్కడ ఉన్నారు. వాళ్లకు ముందే కబురు పెడితే కోట గేటు దగ్గరికే వచ్చి కలుస్తారు.