ఎడారి చెప్పు పాఠములు

ఎడారి యనగానే అంతులేని ఇసుక తిన్నెలు, ఒంటెలు, ఎండమావులు మనకు స్ఫురించును. అచట చూడదగినది మరేమియు లేదని పలువురు తలంతురు. కాని ఓపికతో నడచి పరికించువారికి ఎడారి యొక గొప్ప గ్రంథము. ఆ గ్రంథమును నాలుగు గోడల నడుమ కూర్చుండి చదువుట సాధ్యము కాదు. ఆరుబయట తిరిగి, కంటితో చూచి, చేతితో తాకి, చెవితో విని నేర్వవలయును. అట్టి విద్యకు మిక్కిలి అనువైన చోటు రాజస్థాన్ రాష్ట్రమందలి జోధపురము. థార్ ఎడారి అంచున నున్న ఈ నగర పరిసరములలో ప్రకృతి, చరిత్ర, కళ అను మూడింటిని గూర్చియు పాఠములు లభించును.

మొదటి పాఠము శిలలది. 1459వ సంవత్సరమున రావు జోధా ఒక ఎత్తయిన రాతిగుట్టపై మెహ్రాన్‌గఢ్ దుర్గమునకు పునాది వేసెను. ఆ గుట్ట సుమారు 75 కోట్ల సంవత్సరముల క్రిందట అగ్నిపర్వతములు వెడలగ్రక్కిన ద్రవ్యము చల్లారి గట్టిపడగా ఏర్పడినది. కొన్ని యెడల ఆ రాయి, స్తంభములను ప్రక్కప్రక్కన నిలిపినట్లు చీలియుండును. వేడి శిల చల్లారునపుడు ముడుచుకొనుటయే అందులకు కారణము. కోట కట్టుటకు వాడిన ఇసుకరాయి వేఱు జాతిది. అది తరువాతి యుగములలో నీటి అడుగున ఇసుక పొరలు పొరలుగా పేరుకొని రాయి యైనది. నేడు ఎండకు మాడుచున్న ఈ చోట ఒకప్పుడు నిప్పును, పిదప నీరును ఉండెనని ఈ రెండు రాళ్లును సాక్ష్యమిచ్చుచున్నవి.

రెండవ పాఠము చెట్లది. కోటను ఆనుకొని సుమారు 70 హెక్టారుల రావు జోధా ఎడారి శిలోద్యానము కలదు. 2006లో పని మొదలిడినపుడు ఆ నేలనంతను సర్కారు తుమ్మ ఆక్రమించియుండెను. అమెరికా ఖండమునుండి వచ్చిన ఈ చెట్టు స్థానికములైన మొక్కలను ఎదుగనీయదు. పైకొమ్మలు నరికినచో మరల చిగిర్చును. వేళ్లన్ననో రాతి పగుళ్లలో లోతుగా దూరియుండెను. ఈ చిక్కును తీర్చినవారు ఖండ్‌వాలియాలను రాళ్లు కొట్టు పనివారు. వారు సుత్తితో రాతిని తట్టి, ధ్వనిని బట్టి లోపలి పగుళ్లను గుర్తింపగలరు. ఆ నేర్పుతో వారు రాతిని తొలిచి వేళ్లను పెకలించిరి. అట్లేర్పడిన గోతులలో ఎడారికి సహజమైన మొక్కలు నాటబడెను. శాస్త్రజ్ఞుల చదువును, శ్రామికుల అనుభవమును కలిసినందుననే ఆ కార్యము నెరవేరినది. నేడు మార్గదర్శకులు సందర్శకులను ఆ తోటలో కాలినడకన త్రిప్పి చూపుదురు.

జోధపురమున ఏడాదికి సగటున 36 సెంటీమీటర్ల వాన మాత్రమే కురియును. మొక్కలు ఆ కొద్ది నీటితోనే బ్రతుకవలయును. కైరు అను పొదకు ఆకులు దాదాపు ఉండవు. దాని పచ్చని కొమ్మలే ఆహారమును తయారుచేయును. ఆకులు లేనందున నీరు ఆవిరియై పోవుట తగ్గును. జెముడు తన కాండములో నీటిని దాచుకొనును. మనుష్యులును ఈ పొదుపును నేర్చిరి. రాతి గుట్టలపై పడిన వాననీటిని కోట క్రింది రాణీసర్, పదమ్‌సర్ చెరువులలో నిలుపుకొనిరి.

చరిత్ర పాఠమునకు నగరమునకు కొంత దూరముననున్న ఖేజడ్‌లీ గ్రామమునకు పోవలయును. 1730లో రాజభవన నిర్మాణమునకు సున్నము కాల్చుటకై కట్టెలు కావలసివచ్చి, రాజభటులు అచటి ఖేజడీ చెట్లను నరకవచ్చిరి. బిష్ణోయీ మతస్థురాలైన అమృతాదేవి చెట్టును కౌగిలించుకొని ప్రాణములర్పించెను. ఆమె వెనుక ఒకరి తరువాత నొకరుగా మొత్తము 363 మంది అట్లే బలియైరి. ఇది విని రాజు చెట్ల నరకుటను మాన్పించెను. ఆ ఖేజడీ మనకు క్రొత్త చెట్టు కాదు. దసరానాడు మనము పూజించు జమ్మియే అది. నీడకు, మేతకు, కాయకు ఎడారి పల్లెలు దానినే నమ్ముకొనియున్నవి. నేడది రాజస్థానమునకును, తెలంగాణమునకును రాష్ట్ర వృక్షము.

కళా పాఠమునకు మోకలావాస్ వద్దగల అర్ణా-ఝర్ణా ప్రదర్శనశాల చాలును. జానపద విజ్ఞాని కోమల్ కొఠారీ (1929–2004) దానికి మూలపురుషుడు. అచట చీపుళ్లు ముఖ్య ప్రదర్శనములు! ఏ చీపురు ఏ గడ్డితో కట్టబడినదో తెలిసినచో, అది పుట్టిన నేల ఎట్టిదో తెలియును. ఆ ప్రాంతపు మాంగణియార్ గాయకుల కమాయిచా వాద్యమునకు మేకతోలు కప్పుదురు. వారి ఖడ్‌తాళ్ మన చిడతలను తలపించును. ఎడారి ఇచ్చిన కొద్దిపాటి వస్తువులనే వారు సంగీతముగా మార్చుకొనిరి.

విద్యార్థులారా! జోధపురము దూరమైనను ఈ విద్య దూరము కాదు. మీ ఊరి గుట్టపై రాయి ఎట్లు పుట్టినది? చెరువును ఎవరు త్రవ్వించిరి? మీ ఇంటి చీపురు ఏ గడ్డిది? పెద్దలనడిగి, స్వయముగా చూచి వ్రాసికొనుడు. తెలియని దానిని మనుష్యుడు సులభముగా నరికివేయును; తెలిసిన దానిని కాపాడుకొనును.