భుజం పట్టేసిందా? కాళ్ళ వ్యాయామం మానకండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోనే కాదు, ఇప్పుడు చిన్న ఊళ్ళ దగ్గర కూడా జిమ్‌లు కనిపిస్తున్నాయి. పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యే అబ్బాయిలు, అమ్మాయిలు వెళ్తున్నారు. షుగరు ఉందని తెలిసి వ్యాయామం మొదలుపెట్టిన నలభై, యాభై ఏళ్ళవారూ వెళ్తున్నారు. ఇది మాకు సంతోషమే. అయితే వీరిలో కొందరు మా ఓ.పి.కి వచ్చి, "సిస్టర్, రాడ్డు మెడ వెనక పెట్టుకొని బస్కీలు తియ్యమంటున్నరు. రెక్క వెనక్కి పోతలేదు. బలవంతంగ పెడితే భుజం గుంజుతుంది" అంటారు.

కొందరు ఆ నొప్పిని ఓర్చుకొని అలాగే చేస్తారు. కొందరు కాళ్ళ వ్యాయామమే మానేస్తారు. రెండూ నష్టమే. బస్కీలో పని చేసేవి తొడలు, పిరుదులు, నడుము. భుజం చేసే పని బరువును పట్టి ఉంచడం మాత్రమే. కాబట్టి మానవలసింది బస్కీని కాదు, మార్చవలసింది బరువు పెట్టే చోటును.

కాళ్ళ బలం ఎందుకు?

నేల మీద కూర్చొని లేవడం, బస్సు మెట్లు ఎక్కడం, పొలంలో వంగి లేవడం, అన్నీ బస్కీ వంటి పనులే. శరీరంలో పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. అవి పని చేస్తే రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. ముసలితనంలో తూలి పడకుండా కాపాడేవి కూడా అవే. కండరాలకు బలమిచ్చే వ్యాయామం వారానికి కనీసం 2 రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ చెబుతోంది.

రాడ్డుకు, భుజానికి సంబంధం ఏమిటి?

రాడ్డును మెడ వెనక, వీపు పైభాగంలో నిలపాలంటే చేయి ప్రక్కకు లేవాలి, బయటికి తిరగాలి, వెనక్కి పోవాలి. వీపు పైభాగం కూడా నిటారుగా విప్పుకోవాలి. రోజంతా బండి తోలేవారికి, కుర్చీలో వంగి పని చేసేవారికి, పాత దెబ్బ ఉన్నవారికి ఇది కష్టం. భుజం తిరగనప్పుడు ఆ లోటును మణికట్టు, మోచేయి, నడుము భరిస్తాయి. మణికట్టు వెనక్కి విరుచుకుంటుంది, నడుము లోపలికి వంగుతుంది, రాడ్డు ఒక ప్రక్కకు ఒరుగుతుంది. భుజంతో మొదలైన నొప్పి నడుముకు చేరేది ఇలాగే.

ఇంట్లోనే చూసుకోండి

గోడకు వీపు ఆనించి నిలబడండి. మోచేతులను భుజాల ఎత్తుకు ప్రక్కలకు ఎత్తి, మోచేతి దగ్గర వంచి, చేతి వెనుక భాగాన్ని గోడకు తాకించండి. నడుము గోడ నుండి ముందుకు రాకూడదు. నొప్పి లేకుండా తాకితే ఇబ్బంది తక్కువ. తాకకపోతే రాడ్డును మెడ వెనక పెట్టుకోవద్దు.

ఇప్పుడు చేతిని వదులుగా ఉంచి, ఇంట్లో ఎవరితోనైనా మెల్లగా ఎత్తించండి. వారు ఎత్తినా లేవకపోతే కీలు బిగుసుకొని ఉండవచ్చు. వారు ఎత్తితే లేచి, మీరు ఎత్తితే లేవకపోతే భుజం నరంబద్దె తెగి ఉండవచ్చు. రెండింటికీ డాక్టరును చూడాలి.

బదులుగా ఏమి చేయాలి?

1. ఉత్త బస్కీ. మన తాలీంఖానాల్లో పెద్దలు రాడ్డు లేకుండానే తొడలు గట్టిపరచుకున్నారు. చేతులు ఛాతీ మీద కట్టుకొని చేయండి. కొత్తవారు, పెద్ద వయసువారు వెనక కుర్చీ వేసుకొని, దాని మీద కూర్చొని, చేతులు ఆనించకుండా లేవండి. మోకాళ్ళు నొస్తే సగం వరకే దిగండి.

2. రొమ్ముకు హత్తుకొని చేసే బస్కీ. జిమ్‌లో దీన్ని గాబ్లెట్ స్క్వాట్ అంటారు. ఒక డంబెల్‌ను నిలువుగా, రెండు చేతులతో రొమ్ము దగ్గర పట్టుకోవాలి. మోచేతులు కిందికే ఉంటాయి కనుక భుజం పైకి లేవనక్కరలేదు. బరువు ముందు ఉండడం వల్ల నడుము తనంతట తానే నిటారుగా నిలుస్తుంది. ఇంట్లోనైతే 5 కిలోల బియ్యం సంచితో మొదలుపెట్టండి. మేము ఎక్కువమందికి మొదట చెప్పేది ఇదే.

3. చేతులు వేలాడదీసి చేసేవి. రెండు చేతుల్లో డంబెల్స్ పట్టుకొని ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి దిగడం, లేదా మెట్టు ఎక్కి దిగడం. ఒక్కో కాలు మీద భారం ఎక్కువ పడుతుంది కనుక తక్కువ బరువుతోనే తొడకు మంచి పని దొరుకుతుంది.

4. మోచేతి మడతలో రాడ్డు. దీనికి జెర్చర్ స్క్వాట్ అని పేరు. రాడ్డుకు తువ్వాలు చుట్టి, రెండు మోచేతుల మడతల్లో ఉంచి, పొట్టకు దగ్గరగా పట్టుకోవాలి. భుజం తిరగనవారు కూడా బరువు పెంచుకోగల పద్ధతి ఇది. మోచేతులకు కొంత ఒత్తిడి ఉంటుంది కనుక మెల్లగా అలవాటు చేసుకోండి.

5. మెడ ముందు రాడ్డు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. అందులో 130 కిలోలు క్లీన్ అండ్ జెర్క్‌లో ఎత్తినవి. ఆ పోటీలో బరువును మెడ ముందు, భుజాల మీద నిలుపుకొని తొడల బలంతోనే పైకి లేస్తారు. రాడ్డు మీద చేతులు అడ్డంగా కట్టి కూడా ఈ బస్కీ చేయవచ్చు. అయితే మోచేతులు భుజాల ఎత్తుకు లేవాలి. వెనక్కి మాత్రమే తిరగని చేతికి ఇది సరిపోతుంది, పైకి లేవని చేతికి పనికిరాదు.

6. యంత్రాలు. లెగ్ ప్రెస్‌లో భుజానికి పని లేదు. నడుముకు బెల్టు కట్టి బరువు వేలాడదీసే బెల్ట్ స్క్వాట్‌లోనూ లేదు. మెత్త, ముందుకు పిడులు ఉన్న సేఫ్టీ బార్ మీ జిమ్‌లో ఉంటే అది కూడా మంచిదే.

ఏది ఎంచుకున్నా మొదట 8 నుండి 12 సార్లు, 2 సెట్లు, వారానికి 2 లేక 3 రోజులు చాలు. ఇంకా రెండు సార్లు చేయగలం అనిపించినప్పుడే ఆపండి. ఊపిరి బిగబట్టకండి. బి.పి. ఉన్నవారు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

హమాలీ అన్నలకు

బస్తాలు మోసేవారికి ఇది జిమ్ ముచ్చట కాదు, కూటి ముచ్చట. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో, జడ్చర్ల బాదేపల్లి మార్కెట్ యార్డులో పని చేసే అన్నలు కూడా దినమంతా బస్కీలు తీస్తున్నట్టే. భుజం పట్టేసిన రోజున బస్తాను విసురుగా భుజం మీదికి ఎక్కించకండి. మోకాళ్ళు వంచి, బస్తాను పొట్టకు హత్తుకొని లేవండి. ఇద్దరు కలిసి పట్టండి. బస్తాను నేల మీద నుండి కాక నడుమెత్తు అరుగు మీద నుండి తీసుకుంటే సగం కష్టం తగ్గుతుంది. తిరగవలసినప్పుడు నడుము మెలితిప్పకండి, పాదాలు తిప్పండి. రోగిని మంచం మీద నుండి స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు మా నర్సింగ్ పిల్లలకు మేము నేర్పే పాఠమూ ఇదే.

భుజాన్ని అలాగే వదిలేయకండి

షుగరు ఉన్నవారిలో భుజం బిగుసుకొనిపోవడం మామూలువారి కంటే ఎక్కువ. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. మొదట నొప్పి, రాత్రి ఆ ప్రక్కకు తిరిగి పడుకోలేకపోవడం, తరువాత బిగువు, ఆ తరువాత మెల్లగా విడుపు. చాలామందికి ఇది ఒకటి నుండి మూడేళ్ళు పడుతుంది. ముందుకు వంగి చేయిని వదులుగా ఊపడం, గోడ మీద వేళ్ళను మెల్లగా పైకి పాకించడం రోజూ చేయండి. మసాజు పేరుతో గట్టిగా గుంజించుకోవద్దు. భుజం పట్టేసి ఇంతవరకు షుగరు పరీక్ష చేయించుకోనివారు ముందు ఆ పరీక్ష చేయించుకోండి.

మన ప్రాంతంలో అడగవలసిన ఇంకో ప్రశ్న

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు నుండి ఎవరైనా భుజం పట్టేసిందని వస్తే మేము మూడు పనులు చేయమంటాము. గడ్డాన్ని ఛాతీకి తాకించడం, రెండు చేతులు తల వెనక పెట్టడం, మోకాళ్ళు వంచకుండా వంగి నేల మీది నాణెం తీయడం. రాడ్డు పట్టే చేయి, తల వెనక పెట్టే చేయి ఒకే విధంగా తిరగాలి చూడండి. ఈ మూడూ కష్టమైతే ఇది ఒక్క భుజం జబ్బు కాకపోవచ్చు. చిన్నప్పటి నుండి తాగిన బోరు నీటిలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి ఉండవచ్చు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నీటిని కాచితే ఫ్లోరైడ్ పోదు.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నది నీరు ఊళ్ళకు వచ్చింది. తాగడానికి, వంటకు ఆ నీటినే వాడండి. అయితే ఎముకలో ఏళ్ళ తరబడి చేరినది ఒక్కసారిగా పోదు. ఫ్లోరోసిస్ ముదిరిన వెన్నెముకలో నరాలకు దారి ఇరుకవుతుంది. అటువంటి మెడ మీద రాడ్డు పెట్టడం ప్రమాదం. కాళ్ళు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం ఉంటే బరువులు ఎత్తకుండా ముందు డాక్టరుకు చూపించండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. అది గుండె నొప్పి కావచ్చు. పడిన తరువాత చేయి లేవకపోయినా, భుజం వాచి జ్వరం వచ్చినా, చేయి మొద్దుబారినా ఆ రోజే ఆసుపత్రికి రండి.

గుర్తుంచుకోండి

రాడ్డు మెడ వెనక పెడితేనే వ్యాయామం అనుకోవద్దు. ప్రక్కవాడు ఎంత ఎత్తాడని చూడవద్దు. మీ భుజం ఎంతవరకు తిరుగుతుందో అంతవరకే తిప్పండి, బరువును దానికి తగ్గ చోట పట్టుకోండి. భుజం బాగయ్యే లోపల కాళ్ళు నీరసించిపోకుండా చూసుకోవడం మీ చేతుల్లోనే ఉంది.